లేని ఆవు

మా ఇంట్లో ఎవరికీ రోడ్డు మీద నమ్మకం లేదు. నాన్న రైలు డ్రైవరు. తాతగారు పట్టాలు బాగుచేసే గ్యాంగులో మేస్త్రీగా చేసి పోయారు. మేముండేది రాయపూర్ రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు. ఎక్కడికెళ్ళినా పాసు మీద రైల్లోనే వెళ్ళేవాళ్ళం. మా సొంతూరు విజయనగరం దగ్గర, అక్కడికీ రైలే. రైలు వెళ్ళని ఊరు అసలు ఊరే కాదన్నట్టు పెరిగాను నేను. బస్సెక్కితే కడుపులో తిప్పుతుందని మా నాయనమ్మ ఒక్కసారి కూడా ఎక్కకుండానే చెప్పేది.

అలాంటి వాళ్ళం, నాకు పదమూడేళ్ళప్పుడు, దీపావళి సెలవుల్లో జీపు కట్టుకుని మూడు వందల కిలోమీటర్లు పోయి చిత్రకోట జలపాతం చూసొచ్చాం. అప్పటికింకా మాది మధ్యప్రదేశే. ఇప్పటికీ నలుగురు చుట్టాలు చేరితే ఆ ప్రయాణం సంగతి ఎత్తుతారు. గొలుసు కథ చెప్పు, తేనెటీగ కథ చెప్పు, దిష్టిబొమ్మ కథ చెప్పు అని నా వెంట పడతారు. చెప్తాను. వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆవు కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు. నవ్వించేవన్నీ చెప్పి ఆ ఒక్కటీ దాచుకోవడం కూడా అబద్ధమేనని ఈమధ్య అనిపిస్తోంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఆ ప్రయాణమయ్యాక పది రోజులకి నాన్నకి మెడికల్ ఉంది. డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి రైల్వే డాక్టర్లు పరీక్ష చేస్తారు, ముఖ్యంగా కళ్ళకి. అప్పటిదాకా నాన్న గూడ్సు బళ్ళు నడిపాడు. బొగ్గు, ఇనుపరాయి, సిమెంటు. ఈ మెడికల్ గట్టెక్కితే పాసింజరు బండి ఇస్తారు. గూడ్సు డ్రైవరుకి వేళాపాళా ఉండదు, ఏ సిగ్నలు దగ్గర ఎన్ని గంటలు పడి ఉంటాడో తెలీదు, దారిలో వాడికి ఎవరూ దణ్ణం పెట్టరు. పాసింజరు డ్రైవరంటే పేరున్న బండి, టైము ప్రకారం ఇంటికి రావడం. ఇరవై రెండేళ్ళ సర్వీసూ దానికోసమే చేసినట్టుండేది మా ఇంట్లో. అమ్మ అప్పటికే వీధంతా చెప్పుకొచ్చింది. మెడికల్ పోతే ఇంజను దిగిపోవాలి. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనేవారు కాదు.

ప్రయాణం ఎత్తింది నాన్నే. అది నాకు వింతగా తోచింది. సెలవు దొరికితే తలుపేసుకుని పడుకునే మనిషి. ఇన్నేళ్ళూ పట్టాలే చూశాను, ఒక్కసారి ఆ నీళ్ళేవో చూసొద్దాం, ఇప్పుడే చూడాలి అన్నాడు. ఇప్పుడే ఎందుకో ఎవరూ అడగలేదు. జీపు మా మావయ్యది. మావయ్య అంటే అమ్మ తమ్ముడు, సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలో పని. ఆ జీపు ఎవరి దగ్గరో చవగ్గా కొన్నాడు. అంతకు రెండేళ్ళ ముందు, ఆదివారాలు తెలీబంధా చెరువు పక్క రోడ్డు మీద నాన్నకి దాన్ని నడపడం నేర్పాడు కూడా. నాలుగు వేల టన్నులు లాగేవాడికి జీపో లెక్కా అని అందరూ అన్నారు గానీ, రైలింజనుకి తిప్పే చక్రం ఉండదు. నాన్న మొదటిరోజే జీపుని చెరువు గట్టు దాకా తిన్నగా తీసుకుపోయాడట.

తెల్లవారుతుండగా బయల్దేరాం. నాన్న ముందురోజే కాగితం మీద టైం టేబులు రాశాడు. ధమ్తరి రాక ఇంత, పోక ఇంత, కాంకేర్ రాక ఇంత, పోక ఇంత. అమ్మ కూజాతో నీళ్ళు, మూడురోజులకి సరిపడా పులిహోర, చుట్టుపరుపు, ట్రంకుపెట్టె సర్దింది. రైల్లో దొంగల భయానికి ట్రంకుపెట్టెని సీటు కాలికి గొలుసుతో కట్టి తాళం వెయ్యడం మాకు అలవాటు. నాన్న జీపులోనూ అలాగే వెనక సీటు కమ్మీకి గొలుసు చుట్టి తాళం వేశాడు. నడుస్తున్న జీపులోంచి పెట్టె ఎవడెత్తుకుపోతాడు బావా అని మావయ్య నవ్వాడు. నాన్న తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

నాయనమ్మకి ఎంత చెప్పినా అది రైలు కాదని మనసుకెక్కలేదు. జీపు ఎక్కడ నెమ్మదించినా తల బయటపెట్టి చూసేది.

“ఒరే నాయినా, ఇదే టేసను?”

టేషను కాదమ్మా, గేదెలు అడ్డొచ్చాయి అని నాన్న. అయితే మరి కుళాయెక్కడుంది, కాళ్ళు కడుక్కోవాలి అని ఆవిడ. ధమ్తరి చేరేదాకా ఇదే భాగవతం.

ధమ్తరికి ముందు గేటు పడింది. రాయపూర్ నించి అటు పోయే చిన్న గేజి బండి కోసం. నాన్న జీవితంలో గేటుకి ఇవతల నిలబడటం అదే మొదలనుకుంటాను. ఇరవై నిమిషాలైనా బండి రాలేదు. టైం టేబులు పాడైపోతోందని ఆయనకి ఒకటే కాలు కాలిన పిల్లి చందం. దిగి గేట్‌మన్ దగ్గరికెళ్ళి, నేనూ రైల్వే వాణ్ణే, కాస్త గేటెత్తు అన్నాడు. ఆ ముసలాయన బీడీ కూడా తియ్యకుండా, “రైల్వేకే హైఁ తో ఆప్‌కో పతా హీ హోగా సాహబ్,” అన్నాడు. రైల్వే వాడివైతే నీకే తెలియాలి కదా అని. నాన్న మెల్లిగా వెనక్కొచ్చి జీపులో కూర్చున్నాడు. మావయ్య పొలమారేలా నవ్వాడు.

అంతలో బండి వచ్చింది. దాని డ్రైవరు మా వెనక వీధి క్వార్టరులో ఉండే ఆయనే. ఇంజను మాకు పది గజాల్లోంచి పోతోంది. ఆయన నాన్నని చూసి పళ్ళికిలించి చెయ్యి ఊపాడు. నాన్న ఊపలేదు. నాన్నా, ఆ అంకులు నిన్నే పిలుస్తున్నారు అన్నాను. అప్పుడు ఊపాడు. అప్పటికి ఇంజను దాటిపోయింది, నాన్న చెయ్యూపింది ఆఖరి పెట్టెకి. అక్కడ నిలబడ్డ గార్డు ఎవరో తెలియక మొహమాటంగా తనూ ఊపాడు. దాన్ని కూడా నవ్వులాటలో కలిపేశాం.

కాంకేర్ దాటి ఒక చెట్టు కింద పులిహోర తినడానికి ఆగాం. మావయ్య పొదల చాటుకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగానూ పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తేనెటీగ కనురెప్ప మీద కుట్టింది. చూస్తుండగానే కుడి కన్ను బూరెలా ఉబ్బి మూసుకుపోయింది. నాయనమ్మ సున్నం రాసింది, అమ్మ కూజా నీళ్ళతో గుడ్డ తడిపి కట్టింది. ఎదర కేశ్‌కాల్ ఘాట్ ఉంది. పన్నెండు మలుపులు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఒంటికన్నుతో ఆ ఘాట్ ఎక్కించలేను బావా, నువ్వు పట్టు అన్నాడు మావయ్య.

నాన్న జీపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఇవాళ ఇక్కడే ఆగిపోదామా అన్నాడు. ఇక్కడేముంది, చెట్టు తప్ప, అన్నాడు మావయ్య. బావకి వినయం ఎక్కువ అని కూడా అన్నాడు. అమ్మ పులిహోర డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. చివరికి నాన్న చక్రం ముందు కూర్చుని నన్ను పక్కన కూర్చోమన్నాడు.

“ఇప్పుడు నువ్వు నా అసిస్టెంటువి తల్లీ. ఏటి కనబడితే అది గట్టిగా పిలు,” అన్నాడు.

ఆ పిలుపు సంగతి నాకు చిన్నప్పట్నించీ తెలుసు. ఇంజనులో ఇద్దరుంటారు. సిగ్నలు కనబడగానే అసిస్టెంటు చెయ్యి చాచి దాని రంగు పైకి చెప్తాడు. డ్రైవరు తన కళ్ళతో తను చూసి, అదే మాట తిరిగి చెప్తాడు. చూడకుండా తిరిగి చెప్పకూడదు, అంతకన్నా పెద్ద తప్పు ఆ ఉద్యోగంలో లేదని నాన్నే నాకు వందసార్లు చెప్పాడు. ఇంకోటి కూడా చెప్పేవాడు. ఇద్దరిలో ఒకడు ఎర్ర అంటే చాలు, రెండోవాడు పచ్చ అని ఒట్టేసినా సరే, బండి ఆగాలి. ముందు ఆపు, తరవాత దెబ్బలాడుకో అనేవాడు.

నాకు పట్టరాని సంబరం. కుడిచెయ్యి చాచి ఒక్కో మలుపూ పిలిచాను. ఎడమ మలుపు అన్నాను, ఎడమ మలుపు అన్నాడు. లారీ ఎదురొస్తోంది అన్నాను, లారీ ఎదురొస్తోంది అన్నాడు. మా జీపు గూడ్సు బండి నడకే నడిచింది. మా వెనక లారీలు వరసకట్టి హారన్లు మోగించాయి. ఒక లారీ డ్రైవరు పక్కకొచ్చి తలూపి దణ్ణం పెట్టి మరీ దాటిపోయాడు. నాయనమ్మ కళ్ళు మూసుకుని ఊళ్ళో ఉన్న దేవుళ్ళందర్నీ పిలిచింది. ఘాట్ పైన అమ్మవారి గుడి దగ్గర ఆగినప్పుడు చూస్తే నాన్న చొక్కా వీపు మీద తడిసి ముద్దయి ఉంది. చల్లగాలి వీస్తోంది అక్కడ. నేను దాన్ని చూశాను, అంతే. అది నాకేమీ చెప్పలేదు.

అక్కణ్ణించి రోడ్డు చదును. నాకు గొంతు నొప్పెట్టి కాసేపు పిలవడం మానేశాను. కొండగావ్ దగ్గర దారి రెండుగా చీలింది. నాన్న జీపు ఓరగా ఆపి, వరిచేను గట్టు మీద నిలబడ్డ మనిషిని జగ్దల్‌పుర్‌కి ఇటేనా అని అడిగాడు.

“భయ్యా, జగ్దల్‌పుర్ ఇధర్‌సే జాయేగా?”

ఆ మనిషి పలకలేదు. నాన్న ఇంకొంచెం గట్టిగా అడిగాడు. అప్పటికీ పలకలేదు. బహిరా హై క్యా, చెవుడా ఏమిటి, అని విసుక్కున్నాడు. అది దిష్టిబొమ్మ. పాత ఖాకీ చొక్కా తొడిగి, కుండ తల మీద టోపీ పెట్టారు. గాలికి ఒక చెయ్యి ఊగుతోంది. మావయ్య జీపు రేకు మీద గుద్దుతూ నవ్వాడు. నాయనమ్మకి విషయం అర్థమయ్యాక పళ్ళు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనైతే సీటు మీంచి జారిపోయాను. నాన్న కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. అమ్మ ఒక్కర్తే నవ్వలేదు. ఎడమవైపు రాయి మీద రాసుంది, చూసి తిప్పండి అంది.

ఆ నవ్వు నా నెత్తికెక్కింది. నవ్వించేవాళ్ళకి ఇంకా నవ్వించాలని దురద ఉంటుంది, అది నాకు ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం ఎండ, తిన్నని రోడ్డు, రెండు పక్కలా సాల చెట్ల అడవి, కనుచూపు మేర ఒక్క ప్రాణి లేదు. నేను చెయ్యి చాచి, ఆవు, కుడిపక్క నించి అని అరిచాను. నాన్న, ఏదే నీ మొహం అంటాడనుకున్నాను.

“ఆవు, కుడిపక్క,” అన్నాడు నాన్న. బ్రేకు తొక్కాడు.

జీపు కీచుమని ఆగింది. పులిహోర డబ్బా ఎగిరి నాయనమ్మ ఒళ్ళో బోర్లాపడింది. నాన్న ఖాళీ రోడ్డు కేసి హారన్ కొట్టాడు. చక్రం మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ఆవు రోడ్డు దాటడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగాడు. ఆగి, గేరు వేసి, మెల్లిగా కదిలించాడు.

ఏదే ఆవు అన్నాడు వెనకనించి ఒంటికన్ను మావయ్య. వెళ్ళిపోయింది అన్నాను నేను. “నాను సూశాన్రా, ఎర్రావు. కొమ్ము ఇరిగిపోనాది,” అంది నాయనమ్మ, ఒళ్ళోంచి మెతుకులు ఏరుకుంటూ. చుట్టాలు ఈ ముక్క వింటే ఎంత నవ్వుదురో. నాకు మాత్రం నవ్వు రాలేదు. గేటు దగ్గర ఊపని చెయ్యి, తడిసిన చొక్కా, దిష్టిబొమ్మ, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. ఘాట్ మీద పన్నెండు మలుపులూ మేమెక్కింది నా కళ్ళతో. నేను ఒక్క మలుపు తప్పు పిలిచి ఉంటే ఐదుగురం లోయలో ఉండేవాళ్ళం. జగ్దల్‌పుర్ వచ్చేదాకా ప్రతి గేదెనీ, ప్రతి సైకిలునీ, ప్రతి రాయినీ పిలిచాను. గొంతు పోయింది. నాన్న అన్నిటికీ తిరిగి చెప్పాడు, నా వైపు మాత్రం చూడలేదు.

జగ్దల్‌పుర్‌లో దిగాక ట్రంకుపెట్టె రాలేదు. తాళంచెవి లేదు. నాన్న తన గుత్తి తీసి ఒక్కోటీ తడిమి, ఇందులో లేదు, ఇంట్లో మర్చిపోయాం అన్నాడు. అందరి బట్టలూ అందులోనే. కమ్మరి కోసం వెదికితే పండగని ఊరెళ్ళిపోయాడన్నారు. చివరికి మావయ్య పానా పట్టి జీపు వెనక సీటునే ఊడదీశాడు. సీటూ, సీటుకి గొలుసు, గొలుసుకి పెట్టె, అంతా కలిపి ఇద్దరు కూలీలు సత్రం గదిలోకి మోసుకొచ్చారు. పెళ్ళికి సోఫా పంపిస్తున్నారనుకుని సత్రం మేనేజరు దారిచ్చాడు. నాయనమ్మ ఆ సీటు మీద దర్జాగా కూర్చుంది. పొద్దున్న లేచాక అమ్మ, నాన్న గుత్తి తీసుకుని, మూడో చెవితో తాళం ఒక్క తిప్పున తీసింది. బట్టలు తీసి పంచింది.

చిత్రకోట దగ్గర మిగతావాళ్ళు కింద పడవల దగ్గరికి దిగారు. నాన్న పైన బండ మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. నీళ్ళ హోరుకి పక్కనున్న మనిషి మాట కూడా చెవి దగ్గరికొస్తే గాని వినబడదు.

“ఆ ఆవు లేదు కదూ,” అన్నాడు.

లేదన్నాను. ఎన్నాళ్ళనించి అని అడిగాను. ఆర్నెల్లయిందన్నాడు. ముందు ఎడమ కన్ను, తరవాత కుడిది. రంగులు పొగలో ఉన్నట్టుంటాయట. అసిస్టెంటు బుద్ధిమంతుడు, గట్టిగా పిలుస్తాడు, వాడు పిలిచింది తను తిరిగి చెప్తున్నాడట. వాడికి కూడా తెలీదట. నేను మెడికల్ సంగతి అడిగాను. అది అయిపోయాక పెద్ద డాక్టరుకి చూపించుకుంటానన్నాడు. ముందే చూపిస్తే కాగితం ఆఫీసుకి పోతుంది, ఇరవై రెండేళ్ళూ గోదార్లో కలిసిపోతాయి అన్నాడు.

“గూడ్సే కదా, ఎనకాల బొగ్గే కదా అనుకున్నానమ్మా.”

పాసింజరు ఇస్తే, అన్నాను. నాన్న నీళ్ళ వైపు తిరిగాడు. అమ్మకి చెప్పకు అన్నాడు. తరవాత నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చూడ్డానికని మూడు వందల కిలోమీటర్లు తీసుకొచ్చి నన్ను చెప్పమంటాడేమిటి అనుకున్నాను. ఆ చెప్పకపోవడం మాత్రం నన్ను ఇప్పటికీ తింటుంది. తెల్లగా ఉన్నాయి నాన్నా, గుర్రపునాడాలా వంపు తిరిగి పడుతున్నాయి, అంటే నా సొమ్మేం పోయేది?

తిరుగుప్రయాణం మావయ్యే నడిపాడు, కన్ను వాపు తగ్గింది. ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు. స్కూలుకి పోయే దారిలో పట్టాలు దాటాలి. ఇదివరకు బండొస్తే పెట్టెలు లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడు కిటికీల్లో మనుషులు కనబడటం మొదలైంది. ఒకావిడ బిడ్డ మూతి తుడుస్తోంది. ఒకాయన కిటికీ ఊచలకి గడ్డం ఆనించి నిద్రపోతున్నాడు. డ్రైవరు చూస్తున్నాడన్న ధైర్యంతోనే కదా నిద్రపోతున్నాడు అనుకున్నాను. ఎవరితో చెప్పాలో తెలీలేదు. చెప్తే నాన్న ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే వీళ్ళు.

మెడికల్‌కి ముందు ఆదివారం నాన్న నన్ను పెరట్లో జామచెట్టు కిందకి పిలిచాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఆసుపత్రి గోడ మీద ఉండే చార్టుకి నకలు, ఎవరో స్నేహితుడు చూసి రాసిచ్చింది. అక్షరాలు కాదు, మూడు పళ్ళ దువ్వెన లాంటి గుర్తులు, పైనుంచి కిందికి చిన్నవవుతూ పోతాయి. పళ్ళు ఎటు తిరిగి ఉంటే అటు చెప్పాలి. ఎడమ, కుడి, పైకి, కిందికి. పై వరసలు నాకు కనబడతాయి, కింద రెండు వరసలూ నువ్వు పిలు, నేను కంఠతా పడతాను అన్నాడు.

అమ్మ వంటింట్లో ఏదో వేయిస్తోంది. నేను కాగితం పట్టుకుని పిలిచాను. పైకి. పైకి అన్నాడు. కుడి. కుడి అన్నాడు. మూడో గుర్తు కుడి. కాగితం మీద స్పష్టంగా కుడి. నా నోట్లోంచి ఎడమ అని వచ్చింది. ముందుగా అనుకున్నదని చెప్పలేను, అనుకోలేదని కూడా చెప్పలేను.

నాన్న ఆగాడు.

“ఎడమా?” అన్నాడు.

“ఎడమ,” అన్నాను.

ఆయన నా మొహం ఉన్నవైపు కాసేపు చూసి, ఎడమ అన్నాడు. ఆఖరి వరసలో ఇంకో రెండు తిరగేశాను. పదిసార్లు చెప్పించుకున్నాడు, పదిసార్లూ అవే తప్పులు వరసగా అప్పజెప్పాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ నా తల నిమిరాడు.

మెడికల్ రోజు అమ్మ పెరుగులో పంచదార కలిపి ఆయన చేతిలో పోసింది. నాయనమ్మ నన్ను ఎదురు పంపింది. పదకొండు గంటలకల్లా తిరిగొచ్చేశాడు. కింద వరసలు తడుముకోకుండా గడగడా తప్పులు అప్పజెప్పేసరికి, ఇది బట్టీయని డాక్టరు అనుమానపడి, గోడ మీది చార్టు తీసేసి ఇంకోటి తగిలించాడట. దాంట్లో ఇక పై వరస కూడా చదవలేకపోయాడట. అమ్మ విని ఏడవలేదు. కంచం కడిగి, అన్నం వడ్డించి, మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతికి తగిలేలా పెట్టింది. ఎప్పట్నించో అలాగే పెడుతోందని అప్పుడు గమనించాను. దిష్టిబొమ్మ దగ్గర ఆవిడ ఎందుకు నవ్వలేదో కూడా అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం నాన్న పెరటి మెట్టు మీద కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేనే తప్పు పిలిచాను నాన్నా, కావాలనే పిలిచాను అని చెప్పేశాను. ఏడుపుతో సగం మాటలు నాకే అర్థం కాలేదు.

“తెలుసు తల్లీ. మూడోది కుడి. ఆ చార్టు మా ఇంజను షెడ్డులో పిల్లిక్కూడా కంఠతా వచ్చు. పదిహేనేళ్ళనించి అదే ఉంది ఆసుపత్రి గోడ మీద.”

నాకు ఏడుపు ఆగిపోయింది. మరి నన్నెందుకు చదవమన్నావు, ఎడమని ఎందుకు చెప్పావు అని అడిగాను.

“నాకు నేను ఎర్ర చెప్పుకోలేకపోతన్నాను. ఒక్కరేనా పిలిస్తే ఆగుదారనుకున్నాను. నువ్వు పిలిచావు.”

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే గొప్పగా ఉంది. అప్పుడు మాత్రం గొప్పగా లేదు. నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఇంటి పెద్దవాడు తను తీసుకోలేని నిర్ణయాన్ని పదమూడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టి, పెట్టినట్టు చెప్పనైనా లేదు. నేను కుడి అని సరిగ్గా చదివి ఉంటే ఏం చేసేవాడివి అని అడిగాను. నాన్న జామచెట్టు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ జవాబు నాకు ఎప్పటికీ దొరకలేదు. ఆయన మీద ప్రేమ ఎంతున్నా ఆ కోపం పూర్తిగా పోలేదు.

తరవాత వైద్యం చేశారు, కుడి కన్ను కొంత మిగిలింది. డ్రైవర్లు డ్యూటీల మధ్య పడుకునే విశ్రాంతి గదుల మీద అజమాయిషీ పని ఇచ్చారు. దుప్పట్లు లెక్కచూడటం, వేళకి డ్రైవర్లని లేపడం. లేపి పంపేటప్పుడు ఒక్కొక్కణ్ణీ కళ్ళు మంటగా ఉన్నాయా, చూపు బాగుందా అని విసిగించేవాడట. ఆ బాధ పడలేక కొందరు ముందే లేచి కూర్చునేవారట.

సాయంత్రాలు కాలనీ దాటి బజారుకెళ్ళాలంటే నా మోచెయ్యి పట్టుకునేవాడు. రోడ్డు దగ్గర ఇద్దరం ఆగేవాళ్ళం. నేను అటూ ఇటూ చూసి, ఖాళీ నాన్నా అనేదాన్ని. ఇదివరకైతే ఖాళీ అని తిరిగి చెప్పేవాడు. ఆ మెడికల్ తరవాత ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను ఎన్నిసార్లు అన్నా ఒకటే మాట.

“నువ్వు చూశావు కదా. పద.”